రికార్డులో పరిశీలన గడి

హైదరాబాద్‌లో ఒక బడి, విశాఖపట్నంలో ఒక బడి, అరకులో ఒక బడి అనుకుందాం. మూడు చోట్లా పిల్లలు బీకరులో నీళ్లు కాచి, థర్మామీటరు పెట్టి, నీళ్లు ఎప్పుడు మరుగుతాయో చూస్తారు. మూడు చోట్లా రికార్డులో ‘పరిశీలన’ కింద ఒకే అంకె కనిపిస్తుంది: 100 డిగ్రీల సెల్సియస్. కానీ అరకు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి పీడనం తక్కువ కాబట్టి నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. హైదరాబాద్ 500 మీటర్లకు పైన ఉంది, అక్కడ 98 దగ్గర మరగాలి. 100కి దగ్గరగా రావలసింది సముద్రపు ఒడ్డున ఉన్న విశాఖ పిల్లలకే. వాళ్లకైనా కచ్చితంగా 100 వస్తుందని లేదు. బడుల్లో ఉండే థర్మామీటర్లు ఒక డిగ్రీ అటూ ఇటూ చూపించడం మామూలే.

రెండు మూడు డిగ్రీల తేడాకు ఇంత రాద్ధాంతం ఎందుకని అడగవచ్చు. థర్మామీటరులో 98 చూసిన అమ్మాయి దాన్ని కొట్టేసి 100 అని రాస్తుంది. అబద్ధం రాస్తున్నానని ఆమె అనుకోదు. తన చేతిలోనే ఎక్కడో పొరపాటు జరిగిందనుకుని, పుస్తకాన్ని నమ్మి సరిదిద్దుకుంటుంది. అలా సరిదిద్దుకున్నందుకు పూర్తి మార్కులు కూడా వస్తాయి. ఆ 98ని అలాగే ఉంచి ఉంటే ‘రెండు డిగ్రీలు ఎందుకు తగ్గాయి?’ అన్న ప్రశ్న వచ్చేది. ఆ ప్రశ్నను పట్టుకుంటే వాతావరణ పీడనం, ఊరి ఎత్తు, పరికరం నాణ్యత అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చేవి. పాత్ర కూడా తేడా తెస్తుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త గే లుసాక్ 19వ శతాబ్దం మొదట్లోనే గాజు పాత్రలో నీళ్లు లోహపు పాత్రలో కంటే ఒక డిగ్రీకి పైగా ఎక్కువ వేడి దగ్గర మరగడం నమోదు చేశాడు. ఒక పాఠానికి సరిపడా విషయం ఆ కొట్టివేతతో పోయింది.

మన రికార్డుల్లో వరుస అందరికీ తెలిసిందే. ఉద్దేశం, కావలసిన పరికరాలు, విధానం, పరిశీలన, నిర్ధారణ. వీటిలో మొదటి మూడింటినీ ముందు రోజు రాత్రే రాసుకోవచ్చు, అందులో తప్పేమీ లేదు. ముందుగా రాయడానికి వీల్లేనిది పరిశీలన ఒక్కటే. ప్రయోగం చేసేదాకా అది ఖాళీగా ఉండాలి. చాలా బడుల్లో గైడు చూసి మొట్టమొదట నింపేది ఆ గడినే. బడి సైన్సులో మిగతా లోపాల కన్నా ఇదే పెద్దదని నా నమ్మకం. పరిశీలించడం అంటే ఏమిటో పిల్లలకు సరిగ్గా చెప్పకపోవడం దీనికి సగం కారణం. చెప్పడం కూడా అంత తేలిక కాదు. ‘జాగ్రత్తగా చూడండి’ అన్న రెండు మాటలతో అయిపోయే పని కాదది.

చూసింది వేరు, తేల్చుకున్నది వేరు

సున్నపు తేటలోకి గొట్టంతో ఊదుతారు. తేట తెల్లబడి పాలలా అవుతుంది. ఆ వాక్యం పరిశీలన. ‘మనం వదిలే గాలిలో కార్బన్ డై ఆక్సైడ్ ఉంది’ అన్నది నిర్ధారణ. రెంటికీ మధ్య ఒక వంతెన ఉంది: కార్బన్ డై ఆక్సైడ్ సున్నపు తేటను తెల్లబరుస్తుందని ముందే తెలిసి ఉండటం. పిల్లలు చాలామంది పరిశీలన గడిలో నేరుగా నిర్ధారణే రాసేస్తారు. ఆకు మీద అయోడిన్ వేసినప్పుడూ అంతే. ‘అయోడిన్ వేసిన చోట ఆకు నలుపు కలిసిన నీలంగా మారింది’ అని రాయాల్సిన చోట ‘ఆకులో పిండి పదార్థం ఉంది’ అని ఉంటుంది.

ఈ తేడా మనకు కొత్తదేమీ కాదు. మన ప్రాచీన తర్కమైన న్యాయశాస్త్రం ప్రత్యక్షాన్నీ అనుమానాన్నీ ఎప్పుడో విడదీసింది. కొండ మీద పొగ కనిపించడం ప్రత్యక్షం, అక్కడ నిప్పు ఉందని తేల్చుకోవడం అనుమానం. మధ్యలో ‘పొగ ఉన్న చోట నిప్పు ఉంటుంది’ అన్న వ్యాప్తి, అంటే ఆ రెంటికీ ఎప్పుడూ ఉండే సంబంధం, కావాలి. ఆ వ్యాప్తిలో లోపముంటే నిప్పు గురించిన మాట పడిపోతుంది. అప్పుడు కూడా పొగ కనిపించిందన్న మాట నిలబడే ఉంటుంది.

విడదీసి రాయమనడం పద్ధతి కోసం పద్ధతి కాదు. చూసింది చూసినట్టు రాసి ఉంటే, తేల్చుకున్నది రేపు తప్పని తెలిసినా ఆ కాగితం పనికొస్తుంది. రెండూ కలిపేస్తే, ఒకటి పోగానే రెండోదీ పోతుంది. సున్నపు తేటనే మళ్లీ చూడండి. తెల్లబడగానే ఊదడం ఆపేసి నిర్ధారణ రాసుకున్నవాళ్లకు అక్కడితో కథ అయిపోయింది. ఎవరో ఒక అబ్బాయి ఆపకుండా ఊదుతూనే ఉంటాడు. కాసేపటికి ఆ తెలుపు విరిగి తేట మళ్లీ తేరుకుంటుంది. మొదట ఏర్పడిన కాల్షియం కార్బొనేట్ ఇంకా గాలి చేరిన కొద్దీ నీళ్లలో కరిగే బైకార్బొనేట్‌గా మారడమే దానికి కారణం. పైతరగతుల్లో కఠిన జలం, సున్నపురాయి గుహలు చదివేటప్పుడు వచ్చే రసాయన చర్య ఇదే. ఆ అబ్బాయి దాన్ని కొన్నేళ్లు ముందే చూశాడు. ‘ముందు తెల్లబడింది, తర్వాత తేరుకుంది’ అని రాసుకునే చోటు అతనికి ఇవ్వాలి.

పళ్లెంలో కొవ్వొత్తి

పరిశీలన కాకుండా నిర్ధారణను చూడటం ఎంత దూరం తీసుకెళ్తుందో ఒక ప్రయోగంలో బాగా తెలుస్తుంది. ఇది కొన్ని తరాలుగా పుస్తకాల్లో ఉంది, ఇప్పుడు వీడియోల్లోనూ ఉంది. పళ్లెంలో రంగు నీళ్లు పోసి, మధ్యలో వెలుగుతున్న కొవ్వొత్తి నిలబెట్టి, పైన గాజు గ్లాసు బోర్లిస్తారు. కొవ్వొత్తి ఆరిపోతుంది, నీళ్లు గ్లాసులోకి పైకి ఎక్కుతాయి. ‘గాలిలో అయిదో వంతు ఉండే ఆక్సిజన్ ఖర్చైపోయింది, ఆ ఖాళీలోకి నీళ్లు వచ్చాయి’ అని రాయిస్తారు. కొలిస్తే అయిదో వంతు దగ్గరగా కూడా రావచ్చు. అందుకే అందరికీ నమ్మకం కుదిరిపోతుంది.

నిర్ధారణ పక్కన పెట్టి, ఏం జరుగుతోందో వరసగా చూస్తూ రాయమని పిల్లలకు చెప్పి చూడండి. ఏమేమి రాస్తారో నేను చెబుతాను. గ్లాసు బోర్లించేటప్పుడు, బోర్లించిన వెంటనే, అంచు కింద నుంచి ఒకటి రెండు బుడగలు బయటికి పోవచ్చు. మంట చిన్నదవుతుంది. మంట ఉన్నంతసేపూ నీళ్లు పెద్దగా కదలవు. మంట ఆరిపోయే వేళకూ, ఆరిన తర్వాతా, గబగబా పైకి వస్తాయి. గ్లాసు లోపలి గోడకు ఆవిరి పడుతుంది. ఒకటికి బదులు మూడు కొవ్వొత్తులు పెడితే నీళ్లు ఇంకా ఎత్తుకు ఎక్కుతాయి.

ఇప్పుడు ఈ వాక్యాలను పుస్తకం చెప్పిన కారణం పక్కన పెట్టండి. ఆక్సిజన్ ఖర్చవడం వల్లే నీళ్లు ఎక్కుతుంటే, మంట వెలుగుతున్నంతసేపూ క్రమంగా ఎక్కాలి. ఆరిపోయాక ఆగిపోవాలి. జరిగింది దాదాపు దానికి తలకిందులు. కొవ్వొత్తుల లెక్కకూ నీళ్ల ఎత్తుకూ సంబంధం ఉండకూడదు, ఎందుకంటే గ్లాసులో ఉన్న ఆక్సిజన్ అంతే. కానీ సంబంధం కనిపిస్తోంది. అంచు కింద నుంచి పోయిన బుడగలకు ఆ కథలో చోటే లేదు.

వేడిని పట్టుకుంటే ఇవన్నీ ఒక దారికి వస్తాయి. గ్లాసు దింపేటప్పటికే మంట చుట్టూ గాలి వేడెక్కి వ్యాకోచించి ఉంది, కొంత గాలి బుడగలుగా బయటికి కూడా పోయింది. మంట ఆరగానే మిగిలిన గాలి చల్లారి కుంచించుకుంటుంది, లోపలి పీడనం తగ్గుతుంది, బయటి గాలి పీడనం నీళ్లను పైకి తోస్తుంది. ఎక్కువ కొవ్వొత్తులంటే ఎక్కువ వేడి, అందుకే ఎక్కువ ఎత్తు.

రసాయన లెక్క కూడా ఇదే చెబుతుంది. 25 కార్బన్ పరమాణువులున్న మైనం అణువు పూర్తిగా మండితే 38 ఆక్సిజన్ అణువులు ఖర్చై, 25 కార్బన్ డై ఆక్సైడ్ అణువులు పుడతాయి. నీటి ఆవిరి గోడకు పట్టి చుక్కలవుతుంది. అంటే పోయిన ఆక్సిజన్ చోటులో మూడింట రెండు వంతులు కార్బన్ డై ఆక్సైడ్ ఆక్రమిస్తుంది. అది నీళ్లలో కరుగుతుంది గానీ ఆ కొద్ది నిమిషాల్లో అంతా కరిగిపోదు. పైగా కొవ్వొత్తి ఆక్సిజన్‌నంతా వాడుకోదు. నూటికి 21 పాళ్లున్నది సుమారు 16కు పడిపోగానే ఆరిపోతుంది. ఖర్చైన అయిదు పాళ్లలో నిజంగా ఖాళీ అయ్యేది మొత్తం గాలిలో నూటికి రెండు పాళ్లు కూడా ఉండదు. మిగిలిందంతా వేడి చేసిన పని. అయిదో వంతు కనిపించడం కాకతాళీయం.

ఈ ప్రయోగాన్ని లక్షల మంది చేశారు. నీళ్లు ఎప్పుడు ఎక్కాయన్న ప్రశ్న వేసుకున్నవాళ్లు మాత్రం కొద్దిమందే. అది తెలుసుకోవడానికి పరికరమేమీ అక్కర్లేదు, కన్ను చాలు. కానీ ‘నీళ్లు ఎక్కుతాయి, అయిదో వంతు’ అని ముందే తెలిసిన కన్ను ఆఖరి ఎత్తునే చూస్తుంది, ఎక్కే సమయాన్ని చూడదు.

ఏమీ తెలియకుండా చూస్తే?

ఇక్కడిదాకా చదివితే, మనసులోంచి అన్నీ తుడిచేసి ఖాళీ కళ్లతో చూడటమే పరిశీలన అనిపించవచ్చు. చాలామంది ఉపాధ్యాయులు అలాగే చెబుతారు. అది కుదరదు. కుదిరినా పనికిరాదు.

మైక్రోస్కోపు కింద ఉల్లిపొర మొదటిసారి చూసే పిల్లలను గమనించండి. కొందరు ఎంతో శ్రద్ధగా, నల్లటి మందపు అంచుతో గుండ్రటి బొమ్మ గీస్తారు. అది కవర్ స్లిప్ కింద ఇరుక్కున్న గాలి బుడగ. కణాలు దాని పక్కనే లేత గీతలుగా ఉంటాయి, కంటికి ఆనవు. ఇంకొందరు స్లైడును సరిగా చూడకుండా పుస్తకంలో ఉన్నట్టు ఇటుకల వరసలు గీసి మధ్యలో చుక్క పెడతారు. మొదటివాళ్లు చూశారు గానీ ఏం చూడాలో తెలియదు. రెండోవాళ్లకు తెలుసు గానీ చూడలేదు. మొదటివాళ్ల దగ్గరికి వెళ్లి ‘ఆ గుండ్రటిది బుడగ, దాన్ని వదిలేసి లేత గీతల వెంట వెళ్లు’ అని చెబితే రెండు నిమిషాల్లో దారిలో పడతారు. రెండోవాళ్లను సైన్సు దాకా తేవడమే కష్టం.

పెద్ద శాస్త్రవేత్తల విషయంలోనూ ఇలాగే జరిగింది. 1609 జులైలో ఇంగ్లండ్‌లో థామస్ హారియట్ టెలిస్కోపుతో చంద్రుణ్ని చూసి బొమ్మ వేశాడు. గెలీలియో కన్నా కొన్ని నెలల ముందు. ఆ బొమ్మలో వెలుగూ చీకటీ కలిసే గీత వంకరటింకరగా ఉంది, అక్కడక్కడా నల్ల మచ్చలున్నాయి. కొండలు లేవు, గోతులు లేవు. ఆ ఏడాది చివర గెలీలియో చూసినప్పుడు ఆ వంకర గీతలో కొండల నీడలు కనిపించాయి. చీకటి వైపు విడిగా మెరిసే చుక్కలు, ఉదయపు ఎండ ముందుగా తగిలిన కొండ శిఖరాలని పోల్చుకున్నాడు. అతని టెలిస్కోపు మెరుగైనదే. దానితో పాటు అతనికి చిత్రలేఖనంలో శిక్షణ ఉంది, వెలుగు నీడలతో ఎత్తుపల్లాలు ఎలా తెలుస్తాయో వచ్చు. 1610లో గెలీలియో తన బొమ్మలు అచ్చు వేశాక హారియట్ మళ్లీ చంద్రుణ్ని గీశాడు. ఈసారి గోతులు ఉన్నాయి.

మన సికింద్రాబాద్‌లో జరిగిన ఉదాహరణ ఇంకా గొప్పది. బ్రిటిష్ సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ 1895 నుంచి దోమలను కోసి మలేరియా క్రిమి కోసం వెతికాడు. రెండేళ్లపాటు కోసిన దోమల్లో ఏమీ దొరకలేదు. 1897 ఆగస్టు 20న బేగంపేటలో, మలేరియా రోగి రక్తం తాగిన వేరే రకం దోమ కడుపు గోడలో గుండ్రటి కణాలు కనిపించాయి. వాటిలో నల్లటి రేణువులు ఉన్నాయి. ఆ రేణువులే కీలకం. మలేరియా రోగుల రక్తంలోని క్రిముల్లో అలాంటి నల్ల రంగు పదార్థం ఉంటుందని ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ 1880లోనే చూశాడు, రాస్‌కు అది బాగా పరిచయం. అంతకన్నా ముఖ్యం, అన్ని దోమలను కోసినందువల్ల దోమ కడుపు మామూలుగా ఎలా ఉంటుందో అతని కంటికి తెలుసు. మామూలుది తెలిస్తేనే మామూలు కానిది కనిపిస్తుంది. రెండేళ్లు వృథా అయ్యాయని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ రెండేళ్లూ కన్ను తయారవుతూ ఉంది.

రాస్ చేసిన ఇంకో రెండు పనులు బడి పిల్లలకు తప్పకుండా చెప్పాలి. ఆ దోమ శాస్త్రీయ నామం అతనికి తెలియదు. తెలియనిదాన్ని తెలిసినట్టు రాయలేదు, రెక్కల మీద మచ్చలున్న దోమ అని చూసినట్టే వర్ణించాడు. ఆ వర్ణన వల్లే అది అనాఫిలిస్ అని తర్వాత తేలింది. మర్నాడు మిగిలిన దోమను కోసి చూస్తే ఆ కణాలు మరింత పెద్దవిగా ఉన్నాయి. అంటే అవి దోమలో పెరుగుతున్నాయి. ఒక్కసారి చూసి ఊరుకుని ఉంటే ఆ సంగతి తెలిసేది కాదు.

గ్రీనిచ్ బడి పిల్లలు గీసిన గీతలు

తెలిసి చూడటంలో ప్రమాదమూ ఉంది. 1877లో ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త స్కియాపరెల్లి అంగారకుడి మీద సన్నని గీతలు చూశానన్నాడు. తర్వాత అమెరికాలో పర్సివల్ లోవెల్ అరిజోనాలో సొంత అబ్జర్వేటరీ కట్టుకుని వందల గీతలు పటాలుగా వేశాడు. అవి తెలివైన జీవులు తవ్విన కాలువలని వాదించాడు. అతను మోసగాడు కాదు, ఎంతో ఓపికగా రాత్రుల తరబడి చూసినవాడు.

గ్రీనిచ్ అబ్జర్వేటరీలో పనిచేసే వాల్టర్ మాండర్ 1903లో అక్కడి ఒక బడి ప్రధానోపాధ్యాయుడితో కలిసి ఒక పరీక్ష పెట్టాడు. అంగారకుడి చిత్రంలో గీతలేవీ లేకుండా, చుక్కలూ గజిబిజి మచ్చలూ మాత్రమే వేసి గోడకు తగిలించాడు. పిల్లలను రకరకాల దూరాల్లో కూర్చోబెట్టి ‘కనిపించింది గీయండి’ అన్నాడు. దగ్గరున్నవాళ్లు మచ్చలను మచ్చలుగా గీశారు. బాగా దూరంగా ఉన్నవాళ్లకు ఏమీ ఆనలేదు. మధ్యలో ఉన్నవాళ్లలో చాలామంది తిన్నని గీతలు గీశారు. కంటికి సరిగా ఆనీ ఆనని చుక్కలను చూపు తనంతట తానే కలుపుకుంటుందన్నమాట. 1965లో మారినర్ 4 నౌక అంగారకుణ్ని దగ్గరగా ఫొటోలు తీసినప్పుడు కాలువలు లేవు, గోతులున్నాయి.

నాకు ఈ పరీక్ష ఎంతో ఇష్టం. బడి పిల్లలు ఇందులో శాస్త్రవేత్తల తప్పును తేల్చడానికి సాయపడ్డారు. వాళ్లు చేసిందల్లా నిజాయితీగా గీయడమే. ఎవరు గీసింది సరైనదని చూడకుండా, ఎంత దూరం నుంచి చూస్తే ఏం కనిపిస్తుందని అడగడం మాండర్ గొప్పతనం. అందరి బొమ్మలూ పనికొచ్చాయి, తేడాలతో సహా.

మన తరగతుల్లో ఆ తేడాలనే దాచేస్తాం. ఒక మీటరు పొడవు దారానికి రాయి కట్టి లోలకం ఊపి, పది జట్లతో కాలం కొలిపిస్తే పది రకాల అంకెలు వస్తాయి. ఒక ఊపుకు, అంటే అటు వెళ్లి ఇటు తిరిగి రావడానికి, 2 సెకన్లు రావాలి. స్టాప్‌వాచ్ నొక్కే వేలు కాస్త ముందూ వెనకా అవుతుంది కాబట్టి ఒక్క ఊపునే కొలిచినవాళ్లకు 1.8, 2.3 వస్తాయి. ఇరవై ఊపులు కొలిచి భాగించినవాళ్లకు 2కు దగ్గరగా వస్తుంది. పది అంకెలూ బోర్డు మీద పక్కపక్కన రాస్తే ఏది నమ్మాలో, ఎందుకు నమ్మాలో పిల్లలే మాట్లాడుకుంటారు. సార్ ఒక అంకె చెప్పి అందరినీ అదే రాసుకోమంటే మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు.

ఎవరు, ఎక్కడ, ఎప్పుడు చూశారన్నది కూడా పరిశీలనలో భాగమే. కలివికోడి సంగతి దీనికి మంచి ఉదాహరణ. 1900 తర్వాత ఆ పక్షి శాస్త్రవేత్తలెవరికీ కనిపించలేదు, అంతరించిపోయి ఉండవచ్చనుకున్నారు. 1986లో కడప జిల్లా పొదల అడవుల్లో అది మళ్లీ దొరికింది. స్థానికంగా పిట్టలు పట్టే మనిషి రాత్రిపూట టార్చి వెలుగులో దాన్ని పట్టుకున్నాడు. ఆ పక్షి తిరిగేది చీకట్లో. పగటిపూట వెతికినంతకాలం ‘లేదు’ అన్నదే ఫలితం. అది నిజాయితీ గల పరిశీలనే కావచ్చు, కానీ ‘పగటిపూట’ అన్న మాట చేర్చకపోతే అసంపూర్ణం. పిల్లల నోట్సులో తేదీ, సమయం, చోటు రాయించడం చాదస్తం కాదనడానికి నాకు ఇంతకన్నా మంచి కారణం తెలియదు.

మార్కులు ఎక్కడ పడతాయి

ఇదంతా మన విద్యావ్యవస్థకు తెలియనిది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011 తర్వాత వచ్చిన సైన్సు పుస్తకాల్లో ‘ప్రయోగాలు, క్షేత్ర పరిశీలనలు’ ఒక విద్యా ప్రమాణంగా ఉంది. ప్రశ్నించడం, పరికల్పన చేయడం ఇంకో ప్రమాణం. ఆ ఆలోచన మంచిదే. తరగతిలో అరవై మంది, ఒకే మైక్రోస్కోపు, నలభై అయిదు నిమిషాల పీరియడ్, సిలబస్ అవ్వాలన్న టెన్షన్ ఉన్నప్పుడు సార్ అయినా మేడమ్ అయినా చేయగలిగేది కొంతే. వాళ్లను తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. కానీ ‘సరైన విలువ’ వచ్చినవాళ్లకే మార్కులు వేయడం మాత్రం మన చేతుల్లోనే ఉంది, దానికి పరికరాల కొరత అడ్డం కాదు.

ఇంకోలా చేసి చూపించినవాళ్లు ఉన్నారు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 ప్రభుత్వ మాధ్యమిక బడుల్లో ఒక సైన్సు కార్యక్రమం మొదలైంది. తర్వాత జిల్లా అంతటికీ, ఇతర జిల్లాలకూ పాకింది. పిల్లలు నలుగురేసి జట్లుగా ప్రయోగాలు చేసి, వచ్చిన ఫలితాలను తరగతిలో అందరి ముందూ పెట్టి చర్చించేవాళ్లు. పుస్తకంలో జవాబులు ఉండేవి కావు, ప్రశ్నలే ఉండేవి. పరీక్షలో పుస్తకమూ నోట్సూ దగ్గర పెట్టుకోవచ్చు, ఎందుకంటే అక్కడ చేయాల్సింది కొత్త ప్రయోగం, కొత్త లెక్క. ఉపాధ్యాయులు నెలనెలా కలిసి మాట్లాడుకునేవాళ్లు. 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. మామూలు ప్రభుత్వ బడుల్లో, ఖరీదైన సామగ్రి లేకుండా, మూడు దశాబ్దాలు నడిచిందన్న సంగతి మాత్రం మిగిలే ఉంది.

అంత పెద్ద మార్పు రాకపోయినా రికార్డు దిద్దేటప్పుడు ఒక పని చేయవచ్చు. పరిశీలన గడిలో పుస్తకంలో లేని వాక్యం ఒక్కటైనా ఉందా అని చూడటం. ‘మొదట బుడగ పోయింది’, ‘మా థర్మామీటరు 98 దగ్గర ఆగిపోయింది, అయిదు నిమిషాలు కాచినా కదల్లేదు’, ‘ఆకు ఈనెల దగ్గర రంగు సరిగా పట్టలేదు’. ఇలాంటి వాక్యం రాయాలంటే చూసి తీరాలి, కాపీ కొట్టడానికి అది ఎక్కడా దొరకదు. మార్కు దానికి వేయాలి. కారణం తెలియకపోయినా వేయాలి. కారణం వెతకడం తర్వాతి పని.

ఒక కర్ర, దాని నీడ

ఖర్చు లేని, పుస్తకం చెప్పినట్టు రాయడానికి వీల్లేని పరిశీలన ఒకటి మన ప్రాంతానికి సరిగ్గా సరిపోతుంది. బడి ఆవరణలో మీటరు కర్ర ఒకటి నిటారుగా పాతి, మధ్యాహ్నం నీడ కొలవడం. ‘మధ్యాహ్నం 12 గంటలకు సూర్యుడు నడినెత్తిన ఉంటాడు’ అని పిల్లలందరూ చెబుతారు. హైదరాబాద్‌లో 12కు కొలిచి, తర్వాత రెండేసి నిమిషాలకు కొలుస్తూ పోతే నీడ ఇంకా తగ్గుతూనే ఉంటుంది. జూన్ మధ్యలో 12 గంటల 16, 17 నిమిషాల దగ్గరికి గానీ అతి చిన్నది కాదు. మన గడియారాలు నడిచేది 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన, హైదరాబాద్ ఉన్నది దానికి నాలుగు డిగ్రీలు పడమరగా. విశాఖలో సూర్యుడు హైదరాబాద్ కన్నా దాదాపు ఇరవై నిమిషాలు ముందే నడిమికి వస్తాడు. రెండు ఊళ్ల బడులు ఫోన్లో అంకెలు చెప్పుకుంటే రేఖాంశాల పాఠం అక్కడే అయిపోతుంది.

నడినెత్తిన ఉంటాడన్న మాట కూడా నిలవదు. హైదరాబాద్‌లో నీడ పూర్తిగా కర్ర కిందికి వచ్చేది ఏడాదికి రెండు రోజులే, మే 9 దగ్గర ఒకసారి, ఆగస్టు 3 దగ్గర ఒకసారి. డిసెంబరు 21 ప్రాంతంలో మీటరు కర్ర మధ్యాహ్నపు నీడ 86 సెంటీమీటర్ల దాకా ఉత్తరానికి పడుతుంది. జూన్ 21 ప్రాంతంలో పది సెంటీమీటర్లే, అది కూడా దక్షిణం వైపు. మనకు సూర్యుడు ఎప్పుడూ దక్షిణంగానే వాలి ఉంటాడని అనుకునే పెద్దలు కూడా ఇది చూసి ఆగిపోతారు. కొలతకు దిగేముందు దారానికి రాయి కట్టి కర్ర నిటారుగా ఉందో లేదో చూసుకోవాలి, పది సెంటీమీటర్ల నీడను కొలిచేటప్పుడు కర్ర కాస్త వాలినా లెక్క తప్పుతుంది. దిక్కులు కచ్చితంగా కావాలంటే అతి చిన్న నీడ పడిన గీతే ఉత్తర దక్షిణాలు. బడులు తెరిచేది జూన్ రెండో వారంలో కాబట్టి, మబ్బు లేని మొదటి మధ్యాహ్నమే మొదలుపెడితే ఆగస్టు మొదటి వారంలో నీడ వైపు మారడం పిల్లలు తమ కాగితాల్లోనే పట్టుకోగలుగుతారు. మబ్బు పట్టిన రోజున ‘మబ్బు, నీడ లేదు’ అని తేదీ వేసి రాయించండి.